గడప దగ్గరి శ్రమ: తెలుగు అంతర్జాల అభిరుచి సమూహాల సంస్కృతి మారిన తీరు

జీతం కోసమో పరీక్ష కోసమో కాక కేవలం ఇష్టం కొద్దీ ఒక పనిలో దిగినవారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే కంప్యూటరు ద్వారానో ఫోను ద్వారానో కలిసి ఆ పనిని సాగించే గుంపును ఈ స్మారకోపన్యాసంలో అంతర్జాల అభిరుచి సమూహం అనడం జరుగుతుంది. పద్యాలు అల్లేవారు, పాత సినిమా పాటల వివరాలు సేకరించేవారు, పక్షులను చూసి లెక్క రాసేవారు, విజ్ఞానసర్వస్వానికి వ్యాసాలు కూర్చేవారు అందరూ ఈ నిర్వచనంలోకి వస్తారు. అలాంటి సమూహపు సంస్కృతి అంటే అక్కడ రాతలో లేకుండా నడిచే పద్ధతులు: కొత్తవారిని ఎవరు పలకరిస్తారు, తప్పును ఎంత గట్టిగా ఎత్తిచూపవచ్చు, మెప్పు దేనికి దక్కుతుంది, తగవు వచ్చినప్పుడు ఎవరి మాట చెల్లుతుంది, పాత చర్చను ఎవరు గుర్తుపెట్టుకుంటారు. ఈ పద్ధతులు పదేళ్ళపాటు ఒకేలా నిలవడం చాలా అరుదు.

అవి ఎందుకు మారతాయన్న ప్రశ్నకు పాత సభ్యులు ఇచ్చే జవాబు దాదాపు ప్రతిచోటా ఒకటే: తర్వాత వచ్చినవారికి ఓపిక లేదు, చదువు లేదు, మర్యాద లేదు అని. వారు చూసినదేదో నిజంగానే చూశారు కాబట్టి ఆ ఫిర్యాదును కొట్టిపారేయడం సరికాదు గాని, దానికి వారు చూపే కారణం నిలిచేది కాదు. తెలుగువారి అనుభవాన్ని వరసపెట్టి పరిశీలిస్తే, నడవడిక మారిన ప్రతి మలుపులోనూ కనిపించేది రెండే సంగతులు: లోపలికి రావడానికి గడప దగ్గర పడవలసిన శ్రమ తగ్గడం, లోపలికి వచ్చిన రాతను చూసి దిద్దే శ్రమ పెరగడం. మొదటిది అందరూ సంతోషించే విషయం. రెండోది ఎవరి మీద పడిందో సాధారణంగా ఎవరూ అడగరు. ఇంగ్లీషు వాడేవారికి గడప అంటే కంప్యూటరు, ఫోను తీగ, చందా మాత్రమే కాగా, తెలుగువారికి చాలా ఏళ్ళపాటు తమ భాషలో ఒక్క అక్షరం తెరమీద పడడమే గడప అయింది. అందువల్ల ఈ ప్రశ్నను తేల్చుకోవడానికి తెలుగు సమూహాల చరిత్ర మిగతావాటికంటే బాగా పనికివస్తుంది. స్మారకోపన్యాసం సాధారణంగా ఒక పేరున్న వ్యక్తి చేసిన పనిని తలుచుకునే సందర్భం. ఇక్కడ తలుచుకోవలసిన పనిలో ఎక్కువ భాగం సొంత పేరు బయటపెట్టుకోనివారు, మారుపేర్లతో రాసినవారు చేసినది.

దూరాన ఉన్న అపరిచితులు ఒక ఇష్టం చుట్టూ చేరడం కంప్యూటరుతో మొదలు కాలేదు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేస్తున్న రోజుల్లో ఊరూరా శ్రోతల సంఘాలుండేవి, వాటి సభ్యులు తమ పేర్లు రేడియోలో వినబడడానికి కార్డులు రాసేవారు. ఆకాశవాణి సమస్యాపూరణ కార్యక్రమానికి పద్యాలు కార్డుముక్కల మీదే వెళ్ళేవి. అక్కడ వడపోత రేడియో కేంద్రంలోని ఉద్యోగి చేతిలో ఉండేది. పనికిరాని పద్యం చదవబడదు, దాన్ని పంపినవారికి తప్ప దాని సంగతి ఎవరికీ తెలియదు. తర్వాత వచ్చిన సమూహాలు కోల్పోయినది ముఖ్యంగా ఈ జీతమున్న వడపోతనే.

తెలుగువారి తొలి అంతర్జాల సమూహాలు యూజ్‌నెట్ మీద పుట్టాయి. యూజ్‌నెట్ అంటే 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రూపకల్పన చేసిన చర్చావేదికల వ్యవస్థ. ఒక కంప్యూటరులో రాసిన ఉత్తరం అక్కడి నుంచి పక్క కంప్యూటరుకు, అలా ప్రపంచమంతటికీ నకలవుతూ పోయేది. అందులో భారతీయ సంస్కృతికి కేటాయించిన శాఖ నుంచి చీలిన తెలుగు చర్చావేదికను దాని ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో ‘స్కిట్’ అనేవారు. అప్పట్లో అక్కడ తెలుగు లిపి చూపించే వీలు లేదు కనుక, రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు రోమన్ అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతిని తయారుచేశారు. ఆ విశ్వవిద్యాలయం పేరుమీదే అది ఆర్‌టీఎస్‌గా ప్రసిద్ధమైంది. ఇందులో చిన్న ‘టి’ రాస్తే త, పెద్ద ‘టి’ రాస్తే ట. చిన్న ‘ఎన్’ న, పెద్ద ‘ఎన్’ ణ. చిన్న ‘ఎల్’ ల, పెద్ద ‘ఎల్’ ళ. కల అని రాయబోయి పెద్ద అక్షరం మీట మీద వేలు నిలిపితే కళ అవుతుంది. ఒక సీసపద్యాన్ని ఈ విధంగా తప్పు లేకుండా ఎక్కించడానికి పూట పట్టేది, ఎక్కించినదాన్ని చదవడం కూడా అలవాటు పడనివారికి శిక్షగానే ఉండేది.

ఆ సమూహపు నడవడిక మొత్తం ఈ శ్రమకు తగ్గట్టే రూపుదిద్దుకుంది. ఇంత కష్టపడి రాసేవాడు ఒక్క వాక్యం కోసం రాయడు కనుక ఉత్తరాలు పొడుగ్గా ఉండేవి. అవతలివారి వాక్యాన్ని ముందు ఉదహరించి దాని కింద తన జవాబు రాయడం ఆచారమైంది. వర్ణక్రమంలో తప్పు దొరికితే దాన్ని దిద్దడం అవమానించడంగా కాక సాయంగా లెక్కకు వచ్చింది, ఎందుకంటే పద్ధతి అందరికీ కొత్తదే. తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులను ఒకచోట కూర్చి పెట్టి, కొత్తవారు ముందు వాటిని చదివి తర్వాతే నోరు విప్పాలని కోరడం యూజ్‌నెట్ అంతటా ఉన్న మర్యాద.

ఈ మర్యాదకు ఏటా ఒక పరీక్ష ఎదురయ్యేది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో కొత్త విద్యార్థులు సెప్టెంబరు ప్రాంతంలో చేరి, కంప్యూటరు ఖాతా చేతికి రాగానే యూజ్‌నెట్ మీద పడేవారు. పాతవారు నెలా రెండు నెలలు విసుక్కుని, నేర్పి, దారికి తెచ్చుకునేవారు. హైదరాబాదు నుంచో విశాఖ నుంచో పై చదువులకు వెళ్ళి అదే నెలల్లో అక్కడ దిగిన తెలుగు విద్యార్థులు కూడా స్కిట్‌కు అలాగే చేరారు. 1993, 1994 ప్రాంతంలో వాణిజ్య సంస్థలు తమ చందాదారులందరికీ యూజ్‌నెట్‌ను తెరిచాక కొత్తవారి రాక ఒక నెలకు పరిమితం కాకుండా పోయింది, అందువల్ల 1993 సెప్టెంబరుకు ఎన్నటికీ ముగియని సెప్టెంబరు అన్న పేరు స్థిరపడింది. భారతదేశంలో సామాన్య పౌరులకు విదేశ్ సంచార్ నిగమ్ అంతర్జాలాన్ని అందించింది 1995 ఆగస్టు 15న. అంటే స్వదేశంలోని తెలుగువారికి గడప తెరుచుకునే సరికి అక్కడ సెప్టెంబరు మొదలై దాదాపు రెండేళ్ళయింది.

ముగియని సెప్టెంబరు కథను చెప్పేవారు దాన్ని పతనగాథగా చెబుతారు. అందులో వారు గమనించనిది ఒకటుంది. తొలినాటి తెలుగు చర్చావేదికలో ఉన్నది ఎక్కువగా ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్రాలు చదివిన మగవారు, ఒకే రకం కళాశాలల నుంచి, దాదాపు ఒకే రకం ఇళ్ళనుంచి వచ్చినవారు. వారి మధ్య మర్యాదగా కనిపించినదాంట్లో కొంత భాగం కేవలం సారూప్యం. ఒకే పుస్తకాలు చదివినవారి మధ్య వాదం నెమ్మదిగా సాగడంలో ఆశ్చర్యమేమీ లేదు. కళింగాంధ్ర మాండలికంలో కథ రాసుకునే ఆడమనిషికి ఆ వేదికలో చోటు నిరాకరించినవారు లేరు, ఆమె అక్కడికి చేరే దారీ లేదు. గడప ఎత్తుగా ఉన్న ఇంట్లో నిశ్శబ్దం ఎక్కువగా ఉందని మెచ్చుకునేటప్పుడు బయట ఎవరు నిలబడిపోయారో కూడా లెక్కించాలి.

1990ల చివరినుంచి చర్చలు ఈ–ఉత్తరాల బృందాలకు తరలాయి. బృందంలో చేరినవారందరికీ ప్రతి ఉత్తరం నేరుగా వస్తుంది, మధ్యలో ఒక నిర్వాహకుడు ఉండి అవసరమైతే ఆపగలడు. సాహిత్యం ఇష్టపడేవారికి ‘రచ్చబండ’, ఛందస్సు ఇష్టపడేవారికి అదే పేరుతో ఒక బృందం ఇలా ఏర్పడ్డాయి. 1998లో ‘ఈమాట’ జాలపత్రిక మొదలై, ఈ చర్చల్లోంచి వచ్చిన రాతకు సంపాదకత్వం అనే పాత పద్ధతిని తిరిగి తెచ్చింది. వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావులు ‘ఆంధ్రభారతి’ని నిర్మించి నిఘంటువులను, ప్రాచీన కావ్యాలను తెరమీద వెతుక్కునేలా చేసినది కూడా ఈ తరం శ్రమశక్తితోనే, ఒక విశ్వవిద్యాలయ శాఖ చేయవలసిన పనిని ఇద్దరు ఔత్సాహికులు చేశారనడం పొగడ్త కోసం అంటున్నది కాదు.

నిర్వాహకుడి చేతికి అధికారం రావడంతో తగవులు అతని చుట్టూ తిరగడం మొదలైంది. ఫలానా ఉత్తరం ఆపినందుకు ఒకరు అలిగి వెళ్ళడం, వెళ్ళినవారు ఇంకో బృందం పెట్టడం, అందులోనూ అదే తగవు పుట్టడం మామూలైంది. అంతకంటే పెద్ద నష్టం మరోవైపు నుంచి వచ్చింది. ఈ బృందాల్లో చాలావాటికి ఇల్లు యాహూ సంస్థ ఉచితంగా ఇచ్చిన జాగా. 2019 అక్టోబరులో ఆ సంస్థ కొత్త రాతలను నిల్వ చేయడం ఆపి, పాత నిల్వలను కొద్ది నెలల్లోనే తొలగించి, 2020 డిసెంబరులో మొత్తం సేవను మూసివేసింది. ఎవరైనా ముందుచూపుతో దింపి దాచుకున్నవి తప్ప, ఏళ్ళ తరబడి సాగిన చర్చలు వెతికినా దొరకకుండా పోయాయి. ఛందస్సు మీద ఒక సందేహం పదిసార్లు వచ్చి పదిసార్లు తీరి ఉండవచ్చు, పదకొండోసారి అడిగేవారికి చూపడానికి కాగితం లేదు. కొత్తవారికి నేర్పే శ్రమను తగ్గించేది పాత జవాబుల నిల్వే కనుక, నిల్వ పోయిన చోట పాతవారు త్వరగా అలిసిపోతారు, అలసటనే బయటివారు పొగరు అనుకుంటారు.

తెలుగు లిపికి యూనికోడ్‌లో, అంటే ప్రపంచ లిపులన్నింటికీ ఒకే సంకేతపట్టిక ఇచ్చే ప్రమాణంలో, 1991 నుంచే చోటున్నా, మామూలు కంప్యూటరులో అది కనిపించడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి, అంటే అక్షరరూపాల కూర్పు, వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. ఖతి వచ్చినా చాలామందికి సులువుగా రాసే సాధనం అందలేదు. 2006లో వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ ఆ లోటు తీర్చింది: ఒక పెట్టెలో ఆర్‌టీఎస్‌కు దగ్గరి పద్ధతిలో రోమన్ అక్షరాలు కొడుతుంటే పక్క పెట్టెలో తెలుగు ప్రత్యక్షమవుతుంది, దాన్ని కావలసిన చోట అతికించుకోవచ్చు. పదిహేనేళ్ళ కిందట ఒక చిన్న వర్గం తమకోసం తయారుచేసుకున్న పద్ధతి, అది నేర్చుకున్నామన్న స్పృహ కూడా లేనివారి చేతికి ఇలా చేరింది. తెలుగు బ్లాగులు, అంటే ఎవరికి వారు నడుపుకునే రాతపుటలు, వందల్లో పుట్టుకొచ్చాయి. వాటి తాజా రాతలన్నింటినీ ఒకచోట చూపే ‘కూడలి’ వంటి సంకలినులు వచ్చాయి. డిసెంబరు రెండో ఆదివారాన్ని తెలుగు బ్లాగర్ల దినంగా జరుపుకోవడం మొదలైంది. ‘ఇ–తెలుగు’ సంస్థ హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో కొట్టు తెరిచి, వచ్చేపోయేవారికి కంప్యూటరులో తెలుగు రాయడం చూపించింది.

ఈ కాలంలో ఆడవాళ్ళ రాత ఒక్కసారిగా పెరిగింది. వంట, ప్రయాణం, బాల్యం, అత్తవారిల్లు, ఉద్యోగం అన్నీ విషయాలయ్యాయి, సాహిత్య చర్చ వాటిలో ఒకటిగా కుదించుకుంది. వాటితోపాటే వ్యాఖ్యల సంస్కృతి వచ్చింది. సంకలిని ముందుపుటలో ఏ రాత కింద ఎన్ని వ్యాఖ్యలు పడ్డాయో తెలిసిపోతుంది కనుక, ఎక్కువ వ్యాఖ్యలు రాబట్టే తగవుకు ఎక్కువ పాఠకులు దొరికారు; పేరు చెప్పకుండా రాసే ‘అజ్ఞాత’లు ఆ కాలపు ప్రత్యేక పాత్రలు. సంకలినిని తిట్టి ప్రయోజనం లేదు, అది లేకపోతే సగం బ్లాగులు ఎవరి కంటా పడేవి కావు. అయితే ఎవరి పుటలో వారే సంపాదకులైన చోట, తగవులను తీర్చే శ్రమ అందరికీ చెందుతూ ఎవరికీ చెందకుండా మిగిలింది. ఫేస్‌బుక్కు, వాట్సాప్ వచ్చాక ఈ సందడి అక్కడికి తరలిపోయింది. వాటి గురించి ఇక్కడ చెప్పవలసింది కొద్దే, ఎందుకంటే వాటిలో పాత మాట వెతికి పట్టుకోవడమే కష్టం, సమూహానికి జ్ఞాపకం ఏర్పడే వీలు లేని చోట సంస్కృతి కంటే అలవాట్లే ఎక్కువ.

ఈ మార్పునంతా చిన్న పరిమాణంలో చూడాలంటే పద్యం రాసేవారి సమూహాన్ని చూడాలి. సమస్యాపూరణం అంటే పైకి అసంబద్ధంగానో, తప్పుగానో, అపచారంగానో కనిపించే ఒక పద్యపాదాన్ని ఇచ్చి, మిగతా పాదాలు రాసి దాన్ని సమంజసంగా మార్చమనడం. రాజసభల్లో, అవధానాల్లో, ఆ తర్వాత ఆకాశవాణిలో నడిచిన ఈ క్రీడను విశ్రాంత తెలుగు పండితుడు కంది శంకరయ్య ‘శంకరాభరణం’ అనే బ్లాగులో రోజుకొక సమస్య చొప్పున నడపడంతో అది నిత్యవ్యవహారమైంది. విశ్రాంత ఉద్యోగులు, వైద్యులు, ఇంజనీర్లు, విదేశాల్లో ఉన్నవారు, బడిలో పద్యం కంఠస్థం చేసి ఆ తర్వాత మరిచిపోయినవారు అక్కడ చేరారు. ఎవరు పూరణ పెట్టినా దాని కింద నిర్వాహకుడి మాట పడుతుంది: బాగుందనో, రెండో పాదంలో గణం తప్పిందనో, మూడో పాదంలో యతి చెల్లలేదనో, ఫలానా సమాసం దుష్టమనో, సవరణ ఇదీ అనో. అవధాన వేదిక మీద పృచ్ఛకుడు నలుగురి ముందు తప్పు పడితే కలిగే సిగ్గు ఇక్కడ లేదు. పేరున్న గురువు చేతి దిద్దుబాటు ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఇక్కడి మర్యాద వినయం చుట్టూ అల్లుకున్నది: దిద్దినవారికి ధన్యవాదం చెప్పి, సవరించిన పద్యాన్ని మళ్ళీ పెట్టడం.

ఇంతలో మిరియాల దిలీప్ ‘ఛందం’ అనే సాధనాన్ని తయారుచేశారు. పద్యాన్ని అందులో పెడితే గురులఘువులు విడదీసి, గణాలు కట్టి, అది ఏ పద్యమో గుర్తించి, యతిప్రాసలు కుదిరాయో లేదో చెబుతుంది. ఉత్పలమాలలో భ, ర, న, భ, భ, ర, వ అన్న గణాల వరసను వేళ్ళ మీద లెక్కించుకోవడం ఒకప్పుడు ఈ ఇంట్లోకి గడప. ఇప్పుడు ఆ లెక్క యంత్రం చేస్తుంది. దీనివల్ల పద్యం పలచబడిపోతుందన్న భయం ఛందస్సు తెలిసినవారిలో కొందరికి ఉంది, దాన్ని పూర్తిగా తీసిపారేయలేము: గణం సరిపోవడమే పద్యమని భ్రమపడి, అర్థం లేని మాటలను ఏరి కూర్చినవారు ఉంటారు, అలాంటి పద్యం యంత్ర పరీక్షలో నెగ్గుతుంది. కాని లాభమూ ఆ పక్కనే ఉంది. దిద్దేవారికి గణదోషం చెప్పే పని తగ్గి అన్వయం కుదరలేదు, ఈ పదానికి ఆ అర్థం లేదు, సమస్యలోని మెలిక విడలేదు అని చెప్పే తీరిక చిక్కుతుంది. ఒక మెట్టు శ్రమను యంత్రం తీసుకుంటే పై మెట్టు శ్రమ బయటపడుతుంది. ఆ పై మెట్టున కూర్చునే గురువు ఉన్నంతకాలమే ఆ సమూహం సమూహంగా ఉంటుంది. గురువు ఒక్కడే అయినప్పుడు ఆయన ఆరోగ్యం, ఆయన తీరిక మొత్తం వ్యవస్థకు ఆధారమవుతాయి. ఇది ఈ సమూహపు బలహీనత, దాని అందం కూడా.

ఒకే గురువు మీద ఆధారపడని సమూహం తెలుగు వికీపీడియా. ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఈ విజ్ఞానసర్వస్వం 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. ఇందులో పనిచేసేవారు ఉత్తమ కృషికి ఇచ్చుకునే పురస్కారానికి ఆంధ్ర విజ్ఞానసర్వస్వానికి ఆద్యుడైన కొమర్రాజు లక్ష్మణరావు పేరు పెట్టుకోవడం సముచితంగా ఉంది. పదో వార్షికోత్సవం 2014లో విజయవాడలో, ఇరవయ్యోది 2024 జనవరిలో విశాఖపట్నంలో జరిగాయి. ఏళ్ళ తరబడి వాడుకరి పేర్లతోనే ఒకరినొకరు ఎరిగినవారు ఆ రోజుల్లో మనుషులుగా కలుసుకున్నారు. యాహూ బృందాలకూ దీనికీ ఉన్న ప్రధాన భేదం జ్ఞాపకం. ప్రతి వ్యాసానికీ చరిత్రపుట ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో అందులో ఉంటుంది; ప్రతి వ్యాసానికీ చర్చాపుట ఉంటుంది; సమూహమంతటికీ సంబంధించిన తగవులు ‘రచ్చబండ’ అనే పుటలో జరిగి, పాతబడ్డాక భాండారంలోకి చేరతాయి. పదిహేనేళ్ళ కిందటి అలకలు కూడా అక్కడ తేదీలతో సహా ఉన్నాయి. ఇది కొంచెం ఇబ్బందికరమైన జ్ఞాపకమే అయినా, కొత్తగా వచ్చినవారికి ఒక నియమం ఎందుకు పుట్టిందో చూపడానికి ఇంతకుమించిన ఆధారం లేదు.

తెలుగు వికీపీడియా తొలి సంవత్సరాల్లోనే ఊళ్ళ మీద దృష్టి పెట్టింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మండలాలకు, గ్రామాలకు పుటలు వేల సంఖ్యలో తెరిచారు. చాలావాటిలో ఫలానా మండలానికి చెందిన గ్రామం అన్న వాక్యం మాత్రమే ఉండేది. ఇలాంటి అతి చిన్న వ్యాసాన్ని వికీ పరిభాషలో ‘మొలక’ అంటారు. తర్వాత 2011 జనాభా లెక్కల వివరాలతో వాటిని నింపే పని జరిగింది: జనాభా, బడులు, ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్ల దూరం, తాగునీరు ఎక్కడిది, మురుగు ఎటు పోతుంది, సాగు ఎంత. ఏ ఊరి పుట తెరిచినా అవే శీర్షికలు, అవే వాక్యాలు, అంకెలు మాత్రమే వేరు. విశాఖపట్నం జిల్లాలోని ఆనందపురం కూడా ఇలా పుట ఉన్న ఊరే. ఆ పేరుతో ఉత్తరాంధ్రలో ఒకటికి మించి ఊళ్ళు ఉన్నందున, వాటిని విడదీసి చూపడానికి ‘అయోమయ నివృత్తి’ అనే ప్రత్యేక పుట అవసరమవుతుంది. ఇలా తెరిచిన పుటలు చదవడానికి చప్పగా ఉంటాయన్నది నిజం, కాని ఊరి పేరు వెతికినవారికి మొదటగా కనిపించే తెలుగు వాక్యం అదే కావడంవల్ల, ఆ ఊరివాడు ఎవడో తప్పు చూసి దిద్దడానికి వచ్చి, అలా రాయడం అలవాటు చేసుకునే అవకాశం ఉంది.

అసలు శ్రమ తర్వాత బయటపడింది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పైఒకటి అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు ఇరవయ్యారు అయ్యాయి. పాత విశాఖపట్నం జిల్లా మూడు ముక్కలై, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోగా, ఆనందపురంతో కలిపి పదకొండు మండలాల చిన్న జిల్లా పాత పేరుతో మిగిలింది. ప్రభుత్వానికి అది ఒక ఉత్తర్వు. వికీపీడియాలో అది వేల పుటల్లో జిల్లా పేరు, వర్గం, పటం, కిందనుండే మూస, అంటే చాలా పుటల్లో ఒకేసారి కనిపించేలా తయారుచేసిన పట్టిక, అన్నీ మార్చడం. కొంత పని ‘బాటు’ అనే స్వయంచాలక ప్రోగ్రాముతో అవుతుంది, మిగతాది చేతితోనే. ఈ పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. పుటలు తెరిచినప్పుడు వ్యాసాల సంఖ్య పెరిగిందని సంబరం జరిగింది; వాటిని నిలబెట్టే పని మిగిలి ఉన్న కొద్దిమంది మీద పడింది.

గడప దాదాపు లేకుండా పోయిన సందర్భం యంత్రానువాదం. 2009–11 మధ్య గూగుల్ సంస్థ తన అనువాద సాధనాన్ని మెరుగుపరచుకునే ఉద్దేశంతో, డబ్బు చెల్లించి ఇంగ్లీషు వ్యాసాలను కొన్ని భారతీయ భాషల్లోకి అనువదింపజేసి ఆయా వికీపీడియాల్లో పెట్టించింది. బెంగాలీ సమూహం వాటిని నిరాకరించింది. తమిళ సమూహం సంస్థతో మాట్లాడి నాణ్యతకు షరతులు పెట్టి, ఆ అనుభవాన్ని 2010లో పోలండులోని గ్దాన్‌స్క్‌లో జరిగిన వికీ అంతర్జాతీయ సమావేశంలో వివరించింది. తెలుగులో ఆ వ్యాసాలు చాలాకాలం అలాగే ఉండి, చదవబోయినవారిని హడలగొట్టి, శుద్ధి చేయాలా తొలగించాలా అన్న చర్చకు ఏళ్ళపాటు మేత అయ్యాయి. రాసినవారు డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు, దిద్దవలసినవారు ఔత్సాహికులు: తగవంతా ఆ వాక్యంలోనే ఉంది. 2017 నుంచి గూగుల్ అనువాదం తెలుగులో చెప్పుకోదగినంత మెరుగైంది, అదే ఏడాది ఫోనుకు తెలుగులో చెబితే రాసిపెట్టే సౌకర్యం వచ్చింది. వికీపీడియాలోనే అనువాద పరికరం అమరింది. మీట నొక్కితే పేరా తెలుగులో తయారు. యంత్రం ఇచ్చిన వాక్యాలను కొంతమేరకైనా మార్చకుండా ప్రచురించనివ్వని పరిమితిని బిగించమని కోరిన తొలి సమూహాల్లో తెలుగు ఒకటి. ఔత్సాహికుల సమూహం తానే గడపను కొంచెం ఎత్తు చేసుకోవడం ఇది, పొగరుతో చేసినది కాదు, దిద్దే చేతులు ఎన్ని ఉన్నాయో లెక్క తెలిసి చేసినది.

సంస్థల రాక ఇంకో మలుపు. 2012 తర్వాత బెంగుళూరు కేంద్రంగా ఉన్న ఒక పరిశోధనా సంస్థ ద్వారా భారతీయ భాషల వికీలకు జీతమున్న కార్యకర్తలు, కళాశాలల్లో శిక్షణలు, పోటీలు వచ్చాయి. 2018లో ‘ప్రాజెక్ట్ టైగర్’ పేరుతో భాషల మధ్య వ్యాసరచన పోటీ జరిగింది. పోటీ వ్యాసాలను పెంచుతుంది, బహుమతి అయ్యాక మనిషిని నిలపదు. దీనికి భిన్నంగా బల్గేరియాలో పుట్టిన వందరోజుల వ్రతం, అంటే రోజుకొక వ్యాసం చొప్పున వందరోజులు రాయడం, తెలుగులో బాగా పట్టింది. వంగరి ప్రణయ్‌రాజ్ 2016 సెప్టెంబరులో మొదలుపెట్టి దాన్ని ఏడాది దాటించి, ఇంకా పొడిగించి, ఇతర భాషలవారికి ఆదర్శమయ్యారు. ఇందులో బహుమతి లేదు, ఒక రోజు తప్పితే లెక్క పోతుందన్న పంతం మాత్రమే ఉంది. అభిరుచి అన్నది డబ్బుకంటే పంతానికే ఎక్కువ లొంగుతుందని ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

గడపను ఎత్తు చేయడంలో ఉన్న ప్రమాదాన్ని ఇంగ్లీషు వికీపీడియా అనుభవం చూపిస్తుంది. అందులో చురుగ్గా రాసేవారి సంఖ్య 2007లో శిఖరాన్ని తాకి ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. ఆరన్ హాఫేకర్, అతని సహచరులు 2013లో ప్రచురించిన అధ్యయనం దీనికి కారణాన్ని ఇలా తేల్చింది: చెత్తరాతల వెల్లువను తట్టుకోవడానికి పెట్టిన నియమాలు, స్వయంచాలక సాధనాలు సద్బుద్ధితో వచ్చిన కొత్తవారి మొదటి దిద్దుబాటును కూడా తోసిపుచ్చాయి, తోసిపుచ్చబడినవారు మళ్ళీ రాలేదు. గడప తెరిచిపెట్టి యూజ్‌నెట్ ఒక విధంగా నష్టపోతే, గడప దగ్గర కాపలా పెట్టి వికీపీడియా మరో విధంగా నష్టపోయింది.

ఆనందపురంలో ఈ సమస్య ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. జాతీయ రహదారి పక్కనున్న ఈ ఊరికి పూల మార్కెట్టు పేరు తెచ్చింది. బంతి, చేమంతి, మల్లె, కనకాంబరం ఇక్కడి నుంచి విశాఖకూ, ఉత్తరాంధ్ర పట్టణాలకూ వెళతాయి. చిన్నప్పటినుంచి ఆ బేరం చూసిన యువకుడు ఊరి పుట తెరిచి, తాగునీరు, మురుగునీరు తప్ప పూల ఊసు సరిగా లేదని గమనించి, ఏ కాలంలో ఏ పువ్వు దిగుతుంది, తూకం ఎలా వేస్తారు, దళారీ వాటా ఎంత అన్నది నాలుగు పేరాలు రాస్తాడు. అనుభవజ్ఞుడైన వాడుకరి దానికి మూలం అడుగుతాడు. మూలం అంటే ముందుగా ఎక్కడైనా అచ్చయిన ఆధారం. సొంతంగా కనుక్కున్నదాన్ని ‘మౌలిక పరిశోధన’ అంటారు, అది నిషిద్ధం. నియమం సరైనదే, అది లేకపోతే ప్రతి ఊరి పుటా ఆ ఊరి పెద్దల కీర్తనగా మారుతుంది. కుర్రవాడి కోపమూ సరైనదే, పుట్టినప్పటినుంచి చూసినదానికి పత్రిక ముక్క తెమ్మంటున్నారు. ఈ ఇద్దరి మధ్య మొదటి మాట ఎలా ఉంటుందన్నదాని మీద ఆ సమూహపు సంస్కృతి ఆధారపడి ఉంటుంది. తెలుగు వికీలో కొత్తగా చేరినవారి చర్చాపుటలో పెట్టే స్వాగత సందేశం కింద యంత్రం పేరు కాక పాత వాడుకరి సంతకం ఉండడం ఆ మాటకు వీలు కల్పిస్తుంది, ఆ సంతకం చేసినవాడు తర్వాత అడిగిన ప్రశ్నకు జవాబిస్తే.

పూల కుర్రవాడికి ఇంకో దారి ఉంది. 2004లో మొదలైన వికీమీడియా కామన్స్‌లో, అంటే వికీపీడియాలన్నీ బొమ్మలు తీసుకునే ఉమ్మడి నిల్వలో, సొంతంగా తీసిన ఫొటోకు అచ్చయిన ఆధారం అడగరు. తీసినవారు తామేనని, ఎవరైనా వాడుకోవచ్చని ఒప్పుకుని, ఎక్కడ ఎప్పుడు తీశారో రాస్తే చాలు. తట్టల్లో పోసిన బంతిపూలు, తక్కెడ, రాశుల మధ్య నిలబడ్డ ఆటోలు ఫోనులో తీసి ఎక్కిస్తే, ఊరి పుటలో లెక్కలు లేని చోటు ఒకటి నిండుతుంది, దిద్దేవారికి కూడా తేదీ, స్థలం సరిచూసుకోవడం తప్ప వేరే పని పడదు. వంద పదాల వ్యాసం రాయమని కళాశాలల్లో పెట్టే శిక్షణలు ఇక్కడినుంచి మొదలైతే, మూలం అన్న మాట కొత్తవారికి రెండో రోజున ఎదురవుతుంది, అప్పటికి వారి పేరు చరిత్రపుటలో ఎక్కి ఉంటుంది.